పేరు కుదిరితేనే పైకం: అనకాపల్లి బెల్లం వర్తకులకు గుర్తింపు పత్రాల పరీక్ష

అనకాపల్లి: బెల్లం వర్తకంలో ధర కుదరడం ఒక ఎత్తు, పైకం చేతికి రావడం మరొక ఎత్తు. దిమ్మలు కాటా ఎక్కి, పట్టీ రాసి, లారీ కదిలిన తరువాత కూడా కొన్నవాని సొమ్ము ఏజెంటుకు, ఏజెంటు సొమ్ము రైతుకు చేరితేనే బేరం ముగిసినట్లు. ఇదివరలో ఈ సొమ్ము రొక్కంగాను, చెక్కులు, డ్రాఫ్టులుగాను నడిచినది. 2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు, 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక వ్యవహారంలో రెండు లక్షల రూపాయలు గాని అంతకు మించి గాని రొక్కంగా పుచ్చుకోరాదన్న నిబంధన వచ్చిన తరువాత పెద్ద మొత్తాలన్నీ ఖాతా నుంచి ఖాతాకు మళ్ళినవి. కొట్టులో క్యు.ఆర్. కోడు పలక, కార్డు మెషిను, దూరపు గిరాకీకి ఫోనులో పంపే పేమెంటు లింకు కూడా వర్తకంలో భాగమైనవి.

ఈ దారి వేగమైనదే. అయితే ఇందులో అడుగు పెట్టే ముందు వర్తకుడు తానెవరో పత్రాల ద్వారా రుజువు చేసుకోవలసి ఉన్నది. దీనినే బ్యాంకుల వారు కె.వై.సి. అంటారు. ఖాతాదారు ఎవరు, అతడు చేసే వ్యాపారమేమిటి, ఆ వ్యాపారానికి అసలు యజమానులెవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చూపడమే దీని సారాంశం. అనకాపల్లి వంటి పాత బజారులో చిక్కు సాధారణంగా పత్రాలు లేకపోవడం వల్ల రాదు. ఉన్న పత్రాలలో పేరు ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్ల వస్తున్నది. ఈ తేడాలు సరుకు తక్కువగా ఉన్న రోజులలో బయటపడవు. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య యార్డులో సరుకు ముమ్మరంగా ఉన్నపుడు, సొమ్ము ఎక్కడో ఆగినపుడు బయటపడతాయి.

షాజోగ్ హుండీ నాటి మాట

మనిషిని గుర్తించి పైకం చెల్లించడమనేది వర్తకులకు కొత్త విషయమేమీ కాదు. ఉత్తరాది షాహుకార్ల హుండీలలో షాజోగ్ హుండీ అని ఒక రకం ఉండేది. షా అనగా బజారులో పరువు గల వర్తకుడు. ఈ హుండీ పైకం అటువంటి వర్తకునికే చెల్లాలి గాని దారిన పోయే వానికి చెల్లరాదు. హుండీ దొంగసొత్తు అనో, కూటలేఖనమనో తరువాత తేలిన యెడల పైకం పుచ్చుకున్న షా దానిని తిరిగి ఇచ్చుకోవలసి ఉండేది. నామ్‌జోగ్ హుండీ అయితే అందులో పేరున్న మనిషికే చెల్లేది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సయితం దేశభాషలలో రాసిన హుండీలకు సంబంధించిన స్థానిక ఆచారాలను కదపలేదు.

ఆ పద్ధతిలో గుర్తింపు పూచీ షా మీద ఉండేది. తన పరువును, తన పెట్టెలోని సొమ్మును అడ్డు పెట్టి అవతలి వాని పేరుకు జామీను నిలిచేవాడు. ఇప్పుడు ఆ పూచీని చట్టం బ్యాంకు మీద, చెల్లింపులు నడిపే సంస్థ మీద పెట్టినది. బ్యాంకుకు బజారులో ఎవరి పరువు ఎంతో తెలియదు. దానికి తెలిసినది పత్రం మాత్రమే. మూడు తరాలుగా యార్డులో కొట్టు నడుపుతున్న ఆసామీ అయినా, నిన్న వచ్చిన వ్యాపారి అయినా బ్యాంకు కౌంటరు ముందు ఒక్కటే. పాత వర్తకులకు మింగుడు పడని సంగతి ఇదే.

నియమాలు ఎక్కడ నుంచి వచ్చినవి

రిజర్వు బ్యాంకు 2002లో ఖాతాదారుల గుర్తింపుపై బ్యాంకులకు మార్గదర్శకాలు ఇచ్చినది. అదే సంవత్సరం పార్లమెంటు చేసిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలై 1 నుంచి అమలులోకి వచ్చినది. బ్యాంకులు అడిగే కాగితాలకు మూలం ఈ చట్టమూ, దాని కింద చేసిన నిబంధనలూను. చెల్లింపుల వ్యవస్థలపై రిజర్వు బ్యాంకుకు అధికారమిచ్చినది 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం.

క్యు.ఆర్. పలకలు, లింకుల వెనుక ఉండే సంస్థలను పేమెంట్ అగ్రిగేటర్లు అంటారు. కొన్నవాని వద్ద సొమ్ము వసూలు చేసి, ఎస్క్రో ఖాతాలో ఉంచి, తరువాత అమ్మినవాని ఖాతాకు జమ చేయడం వీరి పని. సొమ్మును తాకకుండా సాంకేతిక సదుపాయం మాత్రమే కల్పించేవారు పేమెంట్ గేట్‌వేలు. 2020 మార్చి 17న రిజర్వు బ్యాంకు అగ్రిగేటర్లను నేరుగా తన అదుపులోకి తెచ్చినది. వర్తకుని పూర్వాపరాలు విచారించకుండా అతనిని చేర్చుకోరాదని, బ్యాంకు కాని సంస్థలు లైసెన్సు పొందాలని ఆదేశించినది. 2025 సెప్టెంబరు 15న జారీ అయిన కొత్త ఆదేశాలు కొట్టులో ముఖాముఖీగా జరిగే చెల్లింపులను, ఆన్‌లైన్ చెల్లింపులను, దేశం సరిహద్దు దాటే చెల్లింపులను మూడు తరగతులుగా విడదీసి అన్నింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చినవి.

ఈ ఆదేశాలలో చిన్న వర్తకులకు కొంత వెసులుబాటు ఉన్నది. దేశీయ వ్యాపారం ఏటా 40 లక్షల రూపాయల లోపు ఉన్నవారి విషయంలో పాన్ సరిచూసి, మనిషిని పంపి కొట్టు చిరునామా చూసి, యజమాని గుర్తింపు పత్రం ఒకటి తీసుకుంటే చాలును. చిల్లరగా బెల్లం అమ్మే కొట్లకు ఇది మేలు. టోకు వర్తకులకు మాత్రం ఇది ఎంతో దూరం రాదు. లెక్క కోసం క్వింటా 4,000 రూపాయలు అనుకుంటే 40 లక్షలకు 1,000 క్వింటాళ్ళు. పది టన్నుల లారీలు పది కదిలితే ఆ హద్దు ముగిసినట్లే. అటుపైన పూర్తి పత్రాల విచారణ తప్పదు.

ఏ సంస్థకు ఏ పత్రాలు

వ్యక్తి గుర్తింపు కోసం చట్టం ఒప్పుకునే పత్రాలు ఆరు. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్ ఉన్నట్లు రుజువు, ఓటరు గుర్తింపు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం చేసిన ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు వారి లేఖ. ఆధార్ ఒక్కటే దారి అనుకోవడం సరి కాదు. పాన్ కార్డు ఈ ఆరింటిలో లేదు. దానిని పన్నుల నిమిత్తం విడిగా అడుగుతారు. ఈ రెండూ వేరువేరు అవసరాలు అన్న సంగతి తెలియక, పాన్ చూపిన తరువాత మళ్ళీ కార్డు ఎందుకని కౌంటరు వద్ద వాదించుకోవడం వృథా.

సొంత వ్యాపారం: యజమాని గుర్తింపు పత్రంతో పాటు, కొట్టు పేరు మీద వ్యాపారం నడుస్తున్నట్లు రెండు రుజువులు కావాలి. ఉద్యం రిజిస్ట్రేషను, జి.ఎస్.టి. సర్టిఫికెట్టు, దుకాణాలు–సంస్థల చట్టం కింది లైసెన్సు, ఆదాయపు పన్ను రిటర్ను, కొట్టు పేరు మీద వచ్చే కరెంటు, నీటి బిల్లులు వంటివి ఈ లెక్కలోకి వస్తాయి. రెండు చూపడం సాధ్యం కాదని బ్యాంకు తృప్తి పడితే, మనిషిని పంపి కొట్టు చూసి, ఒక్క రుజువుతో సరిపెట్టవచ్చును.

భాగస్వామ్యం: ఫర్ము రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు, భాగస్వామ్య పత్రం, ఫర్ము పేరిట పాన్, సంతకం చేసే అధికారం గలవారి గుర్తింపు పత్రాలు చూపాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఫర్ము రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గనుక అన్నదమ్ములు రాసుకున్న పత్రంతోనే నడుస్తున్న కొట్లు ఉన్నవి. అటువంటి ఫర్ములను కె.వై.సి. నిబంధనలు నమోదు కాని సంఘాల కోవలో చేర్చి, తీర్మానం, అధికార పత్రం వంటి వేరే కాగితాలు అడుగుతాయి. అంతే గాక, ఫర్ములో పది శాతానికి మించి వాటా గల ప్రతి భాగస్వామినీ అసలు యజమానిగా గుర్తించాలి. ఈ హద్దు 2023 సెప్టెంబరుకు ముందు 15 శాతం ఉండేది. కొట్టుకు రాని స్లీపింగ్ పార్టనరు అయినా, పెళ్ళయి వేరే ఊరిలో ఉన్న ఆడబడుచు అయినా ఆ హద్దు దాటితే పత్రం చూపవలసినదే.

ఉమ్మడి కుటుంబం: అవిభక్త హిందూ కుటుంబం పేరిట వ్యాపారం ఉంటే కుటుంబానికి వేరుగా పాన్ ఉండాలి, కర్త గుర్తింపు పత్రం ఉండాలి. పాన్ నంబరులో నాలుగవ అక్షరం ఈ తేడా చెబుతుంది. వ్యక్తికి పి, ఫర్ముకు ఎఫ్, ఉమ్మడి కుటుంబానికి హెచ్, కంపెనీకి సి. ఫర్ము ఖాతా తెరవడానికి యజమాని సొంత పాన్ ఇస్తే ఆ నాలుగవ అక్షరం దగ్గరే కంప్యూటరు దరఖాస్తును తిప్పికొడుతుంది.

తండ్రి పేరిట నడిచిన సొంత వ్యాపారాన్ని ఆయన కాలం చేసిన తరువాత కుమారులు అదే బోర్డుతో నడపడం బజారులో మామూలే. బోర్డు మార్చనక్కర లేదు. కాని చట్టం దృష్టిలో ఆ యజమానితోనే ఆ వ్యాపారం ముగిసినది. కొత్త యజమాని పాన్, దానికి తగిన లైసెన్సులు, కొత్త ఖాతా ఉండాలి. పోయిన వారి పేరిట ఉన్న ఖాతాకు సొమ్ము రప్పించుకోవడం ఎంత కాలం జరిగితే అంత ముప్పు.

జి.ఎస్.టి. నంబరు లేని వర్తకుడు

బెల్లం బజారుకు ప్రత్యేకమైన చిక్కు ఇది. విడిగా అమ్మే బెల్లానికి జి.ఎస్.టి. లేదు. పన్ను లేని సరుకులో మాత్రమే వ్యాపారం చేసేవారికి జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అక్కర లేదు. కాబట్టి దిమ్మలుగా కొని దిమ్మలుగా అమ్మే వర్తకునికి ఆ నంబరు లేకపోవడం నేరం కాదు, లోపమూ కాదు. కాని చెల్లింపు సంస్థల దరఖాస్తు ఫారంలో మొదట అడిగేది తరచు ఆ నంబరే. ఖాళీ వదిలితే ఫారం ముందుకు కదలదని కొందరు అక్కర లేకపోయినా రిజిస్ట్రేషను తీసుకుంటారు. తరువాత వ్యాపారం లేని నెలలకు కూడా రిటర్నులు దాఖలు చేయలేక ఇబ్బంది పడతారు.

అటువంటి వర్తకునికి తగిన మార్గం, పన్ను లేని సరుకులో వ్యాపారమని రాతపూర్వకంగా తెలిపి, ఉద్యం సర్టిఫికెట్టును, ఆదాయపు పన్ను రిటర్నును చూపడం. ఉద్యం నమోదు 2020 జూలై 1న మొదలయినది, రుసుము లేదు. ఇక యార్డులో వర్తకునికి అసలు గుర్తింపు మార్కెట్ కమిటీ లైసెన్సు. 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టం కింద ఇచ్చే ఈ లైసెన్సు లేనిదే యార్డులో క్రయవిక్రయాలు చేయరాదు. అయినా వ్యాపార రుజువుల జాబితాలో దీనిని పేరు పెట్టి చెప్పలేదు. ప్రభుత్వ నమోదు పత్రం కింద దీనిని ఒప్పుకోవడం ఆయా బ్యాంకుల విచక్షణ. వర్తకులు దీని ఒక్కదాని మీదనే ఆధారపడక, జాబితాలో స్పష్టంగా ఉన్న మరొక పత్రాన్ని జత చేయడం మంచిది. ఈ లైసెన్సును బ్యాంకులు మొదటి రుజువుగా స్వీకరించేటట్లు వర్తక సంఘాలు లీడ్ బ్యాంకు వారి సమావేశాలలో అడిగితే అది న్యాయమైన కోరికే అవుతుంది.

రెండు జాగ్రత్తలు ఉన్నవి. ఒకటి, ముందే తూచి ప్యాకెట్టులో కట్టి లేబులు వేసిన బెల్లానికి 2022 జూలై 18 నుంచి అయిదు శాతం జి.ఎస్.టి. వర్తిస్తున్నది. కిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి పేమెంటు లింకులతో దూరపు ఊళ్ళకు అమ్మేవారు పన్ను లేని వర్తకుల కోవలోకి రారు. రెండు, గిడ్డంగి సేవల సందర్భంలో 2017 నవంబరు 15న కేంద్రం ఇచ్చిన సర్క్యులరు బెల్లాన్ని వ్యవసాయ ఉత్పత్తి నిర్వచనానికి వెలుపల పెట్టినది. సరుకుకు పన్ను లేదు గనుక కమీషనుకు కూడా లేదని ఏజెంట్లు తమకు తామే తేల్చుకోక ఆడిటరును సంప్రతించడం అవసరం.

జి.ఎస్.టి. నంబరు ఉన్నవారు అందులోని అక్షరాలు చూసుకోవాలి. పదిహేనింటిలో మొదటి రెండు రాష్ట్ర సంఖ్య, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది యజమాని పాన్. ఖాతాకు ఇచ్చిన పాన్, జి.ఎస్.టి. నంబరులో ఇమిడి ఉన్న పాన్ ఒకటి కాకపోతే రెండు పత్రాలూ అసలువే అయినా జత కుదరదు.

ఇంటిపేరు తెచ్చిన తంటా

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, వాడుకలో అది ఒక్క అక్షరంగా మిగులుతుంది. పాత బ్యాంకు పుస్తకాలలో ఆ పొడి అక్షరమే ఉన్నది. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు పనికి రావు గనుక అక్కడ ఇంటిపేరు పూర్తిగా పడినది, కొన్నిసార్లు చివరకు వెళ్ళినది. ఆధార్ నమోదులో మరొక విధంగా పడినది. అప్పారావు అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట ఒక్క మాటగా, మరొకచోట రెండు మాటలుగా రాస్తారు. మనిషికి ఇవన్నీ ఒకటే. పేర్లు పోల్చే యంత్రానికి ఇవి వేరువేరు మనుషులు.

ఊరి పేరుది కూడా ఇదే కథ. అనకాపల్లిని ఇంగ్లీషులో చివర ఇ అక్షరంతో రాసిన పత్రాలున్నవి, ఐ అక్షరంతో రాసినవీ ఉన్నవి. అనకాపల్లి మునిసిపాలిటీ 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసినది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినది. కనుక ఒకే కొట్టుకు పాత లైసెన్సులో ఒక పురపాలక సంఘం, కొత్త లైసెన్సులో మరొకటి. పాత పత్రంలో విశాఖపట్నం జిల్లా, కొత్త పత్రంలో అనకాపల్లి జిల్లా ఉండడం వింత కాదు. కొట్టు ఎక్కడికీ కదలలేదు, చిరునామా కదిలినది.

బ్యాంకులు కూడా మారినవి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. దాని పాత ఐ.ఎఫ్.ఎస్. కోడులు 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లలేదు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1న రాష్ట్రంలోని ఇతర గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినది. బిల్లు పుస్తకాల మీద, క్యు.ఆర్. దరఖాస్తులలో, దూరపు కొనుగోలుదారుల వద్ద పాత ఖాతా వివరాలు ఉండిపోతే వాటిని సరిచేయించుకోవలసి ఉన్నది.

పాన్‌ను ఆధార్‌తో కలపనివారి పాన్ 2023 జూలై 1 నుంచి పనిచేయని స్థితిలో పడినది. ఈ రెండింటిలో పేరు గాని, పుట్టిన తేదీ గాని వేరయితే కలపడం కుదరదు. అందుచేత దిద్దుబాటు ఇక్కడ మొదలు పెట్టాలి. ముందు ఆధార్, తరువాత పాన్, ఆపైన బ్యాంకు, చివరకు లైసెన్సులు. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయవలసి వస్తుంది.

రైతు ఖాతా వైపు

ఏజెంటు పత్రాలు ఎంత సక్రమంగా ఉన్నా, రైతు ఖాతాలో చిక్కుంటే పైకం అక్కడ ఆగుతుంది. 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో దేశంలో మొదలయిన ఇ-నామ్ పథకం రాష్ట్రమంతటికీ ఒకే లైసెన్సు, మార్కెట్ ఫీజు ఒకేచోట వసూలు, ఎలక్ట్రానిక్ వేలం అన్న మూడు సంస్కరణలు కోరినది. అనకాపల్లి కూడా తరువాత ఇ-నామ్ మార్కెట్లలో చేరినది. ఈ పథకంలో రైతు నమోదు కూడా బ్యాంకు పాస్‌బుక్కు, గుర్తింపు పత్రం ఆధారంగానే జరుగుతుంది.

రైతు ఖాతాలలో చూడవలసినది ముఖ్యంగా చిన్న ఖాతా విషయం. గుర్తింపు పత్రం లేకుండా తెరిచిన చిన్న ఖాతాకు ఏడాదిలో జమలు మొత్తం లక్ష రూపాయలు, ఏ సమయంలోనైనా నిల్వ 50 వేలు, నెలలో తీసుకోదగినది 10 వేలు మించరాదు. క్వింటా 4,000 రూపాయల లెక్కన పదమూడు క్వింటాళ్ళు ఒక్కసారి అమ్మితేనే నిల్వ హద్దు దాటుతుంది. సరుకు తెచ్చిన రోజున ఈ సంగతి తెలిస్తే రైతు అప్పు తీర్చుకోలేడు, ఏజెంటు పట్టీ ముగించలేడు. గుర్తింపు పత్రం ఇచ్చి ఆ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవడం రైతు చేయవలసిన పని, గుర్తు చేయడం ఏజెంటు చేయగల ఉపకారం.

కౌలు రైతుల విషయంలో భూమి పట్టా ఒకరిది, బెల్లం మరొకరిది. సొమ్ము బెల్లం తెచ్చినవాని సొంత ఖాతాకు చేరాలి. కొడుకు ఖాతాకో, బావమరిది ఖాతాకో వేయమని రైతు అడిగితే కాదనడం మొహమాటమే. కాని పట్టీలో ఒక పేరు, చెల్లింపులో మరొక పేరు ఉంటే లెక్కల తనిఖీలో జవాబు చెప్పవలసినది ఏజెంటే. ఆర్.టి.జి.ఎస్., నెఫ్ట్ ద్వారా పంపే ముందు పుచ్చుకొనేవాని పేరు తెరపై చూపే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను కోరినది. పైకం పంపే గుమాస్తా ఆ పేరును పట్టీతో సరిచూసి గాని మీట నొక్కరాదు. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పితే సొమ్ము అపరిచితుని ఖాతాకు పోయి, తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చును.

పరాయి ఖాతా సొమ్ముతో ముప్పు

ఒడిశా, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాలకు సరుకు పంపే వర్తకులు జాగ్రత్త పడవలసిన అంశం మరొకటి ఉన్నది. సరుకు కొన్న ఆసామీ పేరు ఒకటి, సొమ్ము వచ్చిన ఖాతా పేరు మరొకటి కావడం టోకు వర్తకంలో జరుగుతూ ఉంటుంది. తన బాకీదారు చేత నేరుగా ఇక్కడికి పంపించడం పాత అలవాటు. ఈ రోజులలో ఇది ప్రమాదకరం. ఎక్కడో సైబరు మోసంలో పోయిన సొమ్ము నాలుగు చేతులు మారి బెల్లం ఖాతాకు వస్తే, ఆ జాడ వెంట పోలీసు నోటీసు వస్తుంది. బ్యాంకు ఆ మొత్తాన్ని, కొన్ని సందర్భాలలో ఖాతానే నిలిపివేస్తుంది. సరుకు ఇచ్చి సొమ్ము తీసుకున్న వర్తకునికి తప్పు లేకపోయినా, అది తేలే వరకు రైతులకు పట్టీ సొమ్ము ఇవ్వలేడు.

దీనికి మందు రెండే. బిల్లు ఎవరి పేరిట ఉన్నదో ఆ ఖాతా నుంచే సొమ్ము రావాలని బేరం నాడే చెప్పడం ఒకటి. పట్టీ, బిల్లు, లారీ రశీదు, మార్కెట్ ఫీజు రశీదు ఒకే కట్టలో ఉంచడం రెండవది. ఖాతా నిలిచిన రోజున వాదన కన్న ఆ కట్ట ఎక్కువ పని చేస్తుంది.

అగ్రిగేటరుకు ఇచ్చే దరఖాస్తులో వ్యాపార వివరం కూడా ఉన్నది ఉన్నట్లు రాయాలి. వర్తకుని లావాదేవీలు అతడు చెప్పిన వ్యాపారానికి తగినట్లు ఉన్నవా లేవా అని చూడడం వారి బాధ్యత. బెల్లం సీజను వ్యాపారం. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలకు ఇంత అని రాస్తే, వానాకాలంలో ఖాళీగా ఉండి మాఘమాసంలో అయిదింతలు వచ్చిన జమలు యంత్రానికి అనుమానంగా కనిపిస్తాయి. ఏ నెలలలో ఎంత వ్యాపారమో దరఖాస్తులోనే తెలిపితే ఆ ప్రశ్న రాదు. కిరాణా అని రాసి బెల్లం టోకు నడపడం కూడా ఇటువంటి పొరపాటే.

సారాకు మళ్ళుతుందన్న అనుమానంతో నల్లబెల్లంపై ఎక్సైజు శాఖ కన్ను ఎప్పటినుంచో ఉన్నది. 2024 మేడారం జాతరకు తెలంగాణలో బెల్లం కొనేవారి ఆధార్ వివరాలు కూడా అడిగారు. అమ్మినవాని పేరు, కొన్నవాని పేరు, సొమ్ము వచ్చిన ఖాతా పేరు కలిసిన వర్తకునికి ఆ శాఖ ముందు కూడా ఇబ్బంది ఉండదు.

మోసగాళ్ళు, గడువులు

కె.వై.సి. ఒకసారి చేసి మరచేది కాదు. ప్రమాదం ఎక్కువని బ్యాంకు ఎంచిన ఖాతాలకు రెండేళ్ళకు, మధ్యరకానికి ఎనిమిదేళ్ళకు, తక్కువ రకానికి పదేళ్ళకు ఒకసారి వివరాలు తాజా పరచాలి. ఈ గడువులను అడ్డు పెట్టుకొని, మీ ఖాతా ఆగిపోతున్నది, వెంటనే ఈ లింకు నొక్కండి అని మోసగాళ్ళు ఫోనులు చేయడం పరిపాటి అయినది. బ్యాంకు ఎన్నడూ ఓ.టి.పి. గాని, పిన్ గాని అడగదు. సందేహం వస్తే శాఖకు స్వయంగా వెళ్ళడమే మేలు. సొమ్ము పోయిన యెడల ఆలస్యం లేకుండా 1930 నంబరుకు తెలపాలి. కొత్త క్యు.ఆర్. పలక, కార్డు మెషిను ఇస్తామని వచ్చే ఏజెంట్ల సంస్థకు అనుమతి ఉన్నదో లేదో రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని జాబితాలో చూసుకున్న తరువాతనే పత్రాల నకళ్ళు ఇవ్వాలి. ఇచ్చే ప్రతి నకలు మీద ఏ పని నిమిత్తం, ఏ తేదీన ఇచ్చినదీ రాసి సంతకం చేయడం ఉత్తమం.

సీజను ముందు పని

ఈ పనులకు అదను సరుకు రాబడి సన్నగా ఉండే నెలలు. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, మార్కెట్ లైసెన్సు, ఉద్యం లేక జి.ఎస్.టి. పత్రాలను ఒక బల్ల మీద వరుసగా పరచి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చదివి, తేడాలను కాగితం మీద రాసుకోవడానికి ఒక పూట చాలును. దిద్దించుకోవడానికి మాత్రం వారాలు పట్టవచ్చును. అన్నీ కుదిరిన తరువాత కొత్త ఖాతాకు గాని, క్యు.ఆర్. పలకకు గాని ఒక్క రూపాయి పంపి, ఏ పేరు కనిపిస్తున్నదో, జమ ఎప్పుడు పడుతున్నదో చూసుకోవాలి. దూరపు ఆసామీలకు ఆ తరువాతనే కొత్త వివరాలు పంపాలి.

రైతుకు కావలసినది అమ్మిన నాడే పైకం. ఏజెంటు పరపతి నిలబడేది కూడా దాని మీదనే. పక్క కొట్టులో సొమ్ము సాయంత్రానికే ముడుతుంటే, పత్రాల తేడా వల్ల రేపు మాపు అనే కొట్టుకు మరుసటి వారం దిమ్మలు దిగవు. కొత్త బెల్లం యార్డుకు రాకముందే పేర్లు కుదుర్చుకున్న వర్తకునికి ఈ సీజనులో ధర ఒక్కటే చింత.